ఒక్క లోడుకు మూడు లెక్కలు: డ్రూపల్ మాడ్యూళ్ల తరుగు కోడ్‌ను ఒకచోటికి చేర్చిన పని

కర్నూలులో ఉల్లి సీజన్ మంచి ఊపు మీద ఉన్న రోజులు. మేము డ్రూపల్ (వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) మీద వెబ్ అప్లికేషన్ చేసిపెట్టిన ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీ కొనుగోలు కేంద్రం నుంచి కాటా గుమాస్తా ఫోన్ చేశాడు. "సార్, ఒకసారి వస్తారా? కోడుమూరు వైపు పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు, తేలేదాకా లేవనంటున్నారు" అన్నాడు. నేను వెళ్లేసరికి పెద్దాయన ఒక చేతిలో పట్టీ, ఇంకో చేతిలో ఫోను పట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. కేకలేమీ వేయలేదు. "చీటీలో ఒక లెక్క, ఫోన్లో ఒక లెక్క. ఏది నిజమో మీరే చెప్పండి సామీ" అన్నాడు.

పట్టీ తీసుకుని చూశాను. 42 గోతాలు, మొత్తం బరువు 2,016.4 కిలోలు. గోతానికి 700 గ్రాముల చొప్పున 29.4 కిలోలు పోతే 1,987 కిలోలు. చెత్త తరుగు క్వింటాలుకు కిలో చొప్పున 19.87 కిలోలు తీసేస్తే నికరం 1,967.13 కిలోలు. క్వింటాలు 1,400 రూపాయల ధరకి 27,539.82 రూపాయలు రావాలి. ఆయన ఫోనుకు వచ్చిన మెసేజ్‌లో, బ్యాంకు ఖాతాలో పడింది మాత్రం 27,261.64. తేడా 278 రూపాయల 18 పైసలు. గుమాస్తా నెల నివేదిక తెరిచి ఇంకో అంకె చూపించాడు. అక్కడ అదే లోడుకు 27,535.70 అని ఉంది.

ఒకే లోడు, ఒకే కాటా, ఒకే డేటాబేస్. లెక్కలు మూడు. ఆ మూడూ మేము రాసిన కోడ్ నుంచే వచ్చాయి. పెద్దాయనకు తేడా డబ్బు ఆ సాయంత్రమే ఖాతాలో వేయించాము. ఆయన వెళ్లేముందు పట్టీని మడిచి జేబులో పెట్టుకుంటూ, "మిగతావాళ్లది కూడా చూడండి, అందరూ లెక్క సరిచూసుకోరు" అన్నాడు. తర్వాత ఆరు వారాలు మేం చేసిందంతా ఆ మాట పట్టుకునే.

ఎక్కడ తప్పింది

కారణం దొరకడానికి అరగంట కూడా పట్టలేదు. అంతకు పదకొండు రోజుల ముందు డైరెక్టర్ల సమావేశంలో ఉల్లి చెత్త తరుగును క్వింటాలుకు 2 కిలోల నుంచి 1 కిలోకు తగ్గించారు. మా కుర్రాడు పట్టీ మాడ్యూల్‌లో (అప్లికేషన్‌లో ఒక్కో పని చూసే కోడ్ భాగాన్ని మాడ్యూల్ అంటాం) 2ని 1 చేశాడు, టెస్ట్ చేశాడు, లైవ్‌లో పెట్టాడు. పట్టీ సరిగ్గా వచ్చింది. చెల్లింపుల మాడ్యూల్‌లో కూడా అదే ఫంక్షన్ కాపీ ఒకటి ఉందని అతనికి తెలియదు. తెలిసే అవకాశమూ లేదు, ఎందుకంటే ఆ కాపీ నేను చేసింది, అతను మా దగ్గర చేరకముందు.

నివేదికల మాడ్యూల్‌లో ఉన్నది మూడో కాపీ. దాంట్లో కిలో తరుగును గోతాల బరువు తీసేయకముందే, అంటే 2,016.4 మీద లెక్కేసింది. అందుకే ఆ నాలుగు రూపాయల తేడా. తరుగు శాతాన్ని ఆ కాపీ పట్టీ మాడ్యూల్ సెట్టింగ్ నుంచి తెచ్చుకుంటోంది. కొత్త శాతం వచ్చింది కానీ లెక్క వరుసే తప్పు. ఆ తప్పు ఎప్పటి నుంచో ఉంది. నివేదికలో అంకె ఎవరి జేబులోకీ వెళ్లదు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

ముందుగా చెల్లింపులు ఆపించాము. పదకొండు రోజుల ఉల్లి లోడ్లన్నీ పట్టీ లెక్కతో పోల్చి, ఎవరికి ఎంత తక్కువ పడిందో తీసి ఇచ్చాము. కంపెనీ మారు మాట్లాడకుండా రెండు రోజుల్లో అందరికీ వేసింది. ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది: ఈ కాపీలు ఇంకెన్ని ఉన్నాయి?

ఫంక్షన్ పేరుతో వెతికితే లాభం లేదు, ప్రతి కాపీకీ ఒక్కో పేరు. అందుకని 700, 0.7 లాంటి అంకెలతో వెతికాము. తరుగు, నికరం, గోతం అనే మాటల ఇంగ్లిష్ స్పెల్లింగులు ఒక్కొక్కరు ఒక్కోలా రాశారు. అవన్నీ కాగితం మీద రాసుకుని ఒక్కోటీ వెతికాము. చివరికి ఏడు చోట్ల దొరికింది. ఒకటి పేజీ ఎలా కనిపించాలో రాసే ట్విగ్ టెంప్లేట్‌లో, నేరుగా గుణకారం చేస్తూ. ఒకటి బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్‌లో, గుమాస్తా బరువు కొడుతుండగానే అంచనా చూపించేది.

ఈ కాపీలు ఎలా పుట్టాయి

ఆ అప్లికేషన్ డ్రూపల్ మీద ఉంది. మొదట ఉల్లి ఒక్కటే. కాటా, పట్టీ రెండు మాడ్యూళ్లతో మొదలైంది. తర్వాత పత్తికొండలో టమాటా కేంద్రం పెట్టారు, ఎమ్మిగనూరులో వేరుశనగ. ఒక్కోదానికి ఒక్కో మాడ్యూల్. చెల్లింపులకు, మెసేజ్‌లకు, నివేదికలకు వేరే. మొత్తం ఎనిమిది కస్టమ్ మాడ్యూళ్లు. కొత్తది మొదలుపెట్టిన ప్రతిసారీ పాతదాని ఫోల్డర్ కాపీ చేసి పేర్లు మార్చడమే మా పద్ధతి. పని త్వరగా అయ్యేది. సీజన్ తలుపు తడుతున్నప్పుడు ఇంకోలా చేయాలనే ఆలోచన రాదు.

ఇందులో పాత అలవాటు పాత్ర కూడా ఉంది. నేను డ్రూపల్ 7 మీద పని నేర్చుకున్నాను. అక్కడ ఎనేబుల్ చేసిన ప్రతి మాడ్యూల్ ఫైలూ పేజీ లోడ్ అయ్యేటప్పుడు లోపలికి వచ్చేస్తుంది కాబట్టి, ఒక మాడ్యూల్ ఫంక్షన్‌ను ఇంకో మాడ్యూల్ నేరుగా పిలిచేయొచ్చు. ఆ మాడ్యూల్ ఆపేస్తే మాత్రం సైట్ ఆగిపోతుంది. అలా ఒకట్రెండుసార్లు దెబ్బ తిన్నాక, పక్క మాడ్యూల్ మీద ఆధారపడటం కంటే ఫంక్షన్ కాపీ చేసుకోవడమే క్షేమం అనే భయం లోపల ఉండిపోయింది. 2015 నవంబర్‌లో డ్రూపల్ 8 వచ్చి సింఫనీ అనే ఫ్రేమ్‌వర్క్ భాగాలు, సర్వీస్ కంటైనర్ (అందరూ వాడుకునే కోడ్‌ను సర్వీసులుగా తయారుచేసి, అడిగిన క్లాస్‌కి అందించేది), నేమ్‌స్పేస్‌ల ప్రకారం క్లాసులు వాటంతటవే లోడయ్యే పద్ధతి తెచ్చింది. పంచుకోవడానికి సరైన దారి అప్పటి నుంచీ ఉంది. మేం డ్రూపల్ 10కి వచ్చాక కూడా క్లాసుల లోపల డ్రూపల్ 7 బుద్ధితోనే రాస్తూ వచ్చాము.

మొదటి ప్రయత్నం చెడింది

ఏడు కాపీలు దొరికిన వారమే "కామన్" అని ఒక మాడ్యూల్ పెట్టాము. ఇద్దరు కుర్రాళ్లూ ఉత్సాహంగా ఉన్నారు, నేనూ అడ్డు చెప్పలేదు. రెండుచోట్ల కనిపించిన ప్రతిదీ అందులోకి వెళ్లింది. తరుగు లెక్క, ఫోన్ నంబర్ సరిచూసేది, తేదీ తెలుగులో రాసేది, పీడీఎఫ్ హెడర్, ఉల్లి గ్రేడుల జాబితా, ఆఖరికి ఒక బటన్ రంగు కూడా.

పది రోజుల్లో అది సంతలా తయారైంది. ఉల్లి గ్రేడుల జాబితా ఉల్లి మాడ్యూల్ సెట్టింగ్స్ నుంచి రావాలి. అందుకని కామన్ మాడ్యూల్ ఉల్లి మాడ్యూల్ మీద ఆధారపడింది. ఉల్లి మాడ్యూల్ ఎలాగూ కామన్ మీద ఆధారపడి ఉంది. రెండు సర్వీసులు ఒకదాన్నొకటి కన్‌స్ట్రక్టర్‌లో (క్లాస్ తయారయ్యేటప్పుడు మొదట నడిచే ఫంక్షన్) అడగడంతో కంటైనర్ వలయం ఉందని ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. దాన్ని తప్పించుకోవడానికి ఒక కుర్రాడు కన్‌స్ట్రక్టర్‌లోంచి తీసేసి, ఫంక్షన్ లోపల డ్రూపల్ స్టాటిక్ పిలుపుతో సర్వీస్ తెచ్చుకున్నాడు. ఎర్రర్ పోయింది, వలయం అలాగే ఉంది, కంటికి కనిపించడం మానేసింది అంతే. టమాటా కేంద్రానికి మాత్రమే కావాల్సిన చిన్న మార్పు చేస్తే ఉల్లి పట్టీ మళ్లీ పరీక్షించాల్సి వచ్చింది.

ఆ బ్రాంచ్ (ఆ ప్రయత్నం కోసం విడిగా పెట్టుకున్న కోడ్ నకలు) మొత్తం వదిలేశాము. పది రోజుల పని పోయిందని కుర్రాళ్లు బాధపడ్డారు. నాకు మాత్రం అది వదిలేయడమే సరైన నిర్ణయం అని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అదే అంటాను.

ఏది నిజంగా ఒకటి

రెండోసారి కీబోర్డు ముట్టుకోకముందు గుమాస్తాను మా ఆఫీసుకు పిలిచాము. నంద్యాల చెక్‌పోస్ట్ దగ్గర చిన్న గది మాది. తెల్లబోర్డు మీద రెండేసి చోట్ల కనిపించే ప్రతి కోడ్ ముక్కకూ ఒక గీత గీసి, ఆయన్ని ఒకే ప్రశ్న అడిగాము: "ఈ లెక్క మారాలంటే ఎవరు చెప్తే మారుతుంది?"

ఆ ప్రశ్న మాకు చాలా పని చేసింది. ఉల్లి పట్టీలో తరుగు, ఉల్లి చెల్లింపులో తరుగు, ఉల్లి నివేదికలో తరుగు: మూడింటికీ జవాబు ఒకటే, డైరెక్టర్ల సమావేశం. అంటే అది ఒకే నియమం, మూడుచోట్ల రాసి ఉంది. ఒకచోటికి రావాల్సిందే.

టమాటా దగ్గర జవాబు వేరేలా వచ్చింది. టమాటాలో ప్లాస్టిక్ బాక్సు బరువు తీసేసే కోడ్, ఉల్లిలో గోతం బరువు తీసేసే కోడ్ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. సంఖ్యను ఒక్కోదాని బరువుతో గుణించి, మొత్తంలోంచి తీసేయడం. కుర్రాళ్లు దీన్నే ముందు కలపాలన్నారు. గుమాస్తా ఒప్పుకోలేదు. "గోతం రైతుది సార్, పాతదీ కొత్తదీ, తడిసిందీ ఎండిందీ వస్తుంటాయి, అందుకని అందరం కూర్చుని 700 అనుకున్నాం. బాక్సు మన కంపెనీది, అన్నీ ఒకటే అచ్చు. బాక్సులు మారిస్తే ఆ అంకె మారుతుంది, గోతానికీ దానికీ సంబంధమే లేదు" అన్నాడు. ఆ రెండిటినీ విడిగానే ఉంచాము. నాలుగు లైన్ల కోడ్ రెండుచోట్ల ఉంటే నష్టం లేదు. సంబంధం లేని రెండు నిర్ణయాలు ఒకే ఫంక్షన్‌లో ఇరుక్కుంటే, ఒకదాని కోసం పెట్టిన షరతు రెండోదాన్ని చెడగొడుతుంది. తర్వాత ఎవరో "ఇది టమాటా అయితే" అని ఒక ఇఫ్ పెడతారు, ఆ తర్వాత "టమాటా అయి, పత్తికొండ అయితే" అని ఇంకోటి.

అలా జల్లెడ పడితే, మొదటిసారి మేం కలిపేసిన ఇరవై పైచిలుకు ముక్కల్లో నిజంగా పంచుకోవాల్సినవి ఐదే మిగిలాయి: నికర బరువు లెక్క, బరువు నుంచి డబ్బు లెక్క, పైసల సవరణ, రైతు ఖాతా గుర్తింపు, పట్టీ నంబర్ ఇవ్వడం.

కొత్త అమరిక

మాడ్యూల్‌కి కామన్ అనే పేరు పెట్టకూడదని మొదటి రోజే అనుకున్నాము. ఆ పేరు పెడితే ఎవరికి ఏది ఎక్కడ పెట్టాలో తెలియకపోయినా అందులో పడేస్తారు. "లెక్క" అని పెట్టాము. లెక్కకు సంబంధించనిది అందులోకి రావాలంటే పేరే అడ్డు చెబుతుంది.

లెక్క మాడ్యూల్ నడిబొడ్డున ఉన్న క్లాస్‌కి డ్రూపల్ అంటే ఏమిటో తెలియదు. అది వట్టి పీహెచ్‌పీ, అంటే డ్రూపల్‌ను రాసిన భాష. గోతాల సంఖ్య, మొత్తం బరువు, నియమం ఇస్తే నికరం తిరిగిస్తుంది. డేటాబేస్ జోలికి, సెట్టింగ్స్ జోలికి పోదు. దాని చుట్టూ పల్చని పొరలా ఒక సర్వీస్ ఉంటుంది. సెట్టింగ్స్ చదివి, నియమం తెచ్చి, లోపలి క్లాస్‌కి అందించడం దాని పని. ఆ సర్వీస్‌ని మాడ్యూల్ సర్వీసుల జాబితా ఉండే సర్వీసెస్ యామ్ల్ ఫైల్లో నమోదు చేశాము. పట్టీ, చెల్లింపులు, నివేదికలు తమ కన్‌స్ట్రక్టర్‌లో దాన్ని అడిగి తీసుకుంటాయి, అదీ క్లాస్ పేరుతో కాకుండా ఇంటర్‌ఫేస్ (క్లాస్‌లో ఏయే ఫంక్షన్లు ఉండాలో చెప్పే ఒప్పందం) పేరుతో. టెస్టుల్లో నకిలీది పెట్టుకోవడానికి అదే వీలు.

వలయం సమస్య ఇక్కడే తీరింది, దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. లెక్క మాడ్యూల్‌కి ఉల్లి, టమాటా, వేరుశనగ అనే పేర్లే తెలియవు. "నియమం ఎలా ఉండాలి" అనే ఇంటర్‌ఫేస్ ఒక్కటే దానికి తెలుసు. ఉల్లి మాడ్యూల్ తన నియమాన్ని ఒక చిన్న క్లాస్‌గా రాసి, సర్వీస్‌గా నమోదు చేసి, దానికి ఒక ట్యాగ్ తగిలిస్తుంది. లెక్క మాడ్యూల్‌లోని సర్వీసుకు సర్వీస్ కలెక్టర్ అనే ట్యాగ్ ఉంటుంది. కంటైనర్ కట్టేటప్పుడు డ్రూపల్, పంటల మాడ్యూళ్లు ట్యాగ్ తగిలించిన నియమాలన్నిటినీ ఏరి దీనికి అప్పజెప్తుంది. ఇంటర్‌ఫేస్ పాటించని క్లాస్‌కి ఎవరైనా పొరపాటున ట్యాగ్ తగిలిస్తే కంటైనర్ అక్కడే ఎర్రర్ ఇస్తుంది, పట్టీ దాకా రానివ్వదు. ఆధారపడటం ఒకే వైపు సాగుతుంది: పంటల మాడ్యూళ్లు లెక్క మీద ఆధారపడతాయి, లెక్క ఎవరి మీదా ఆధారపడదు. రేపు పత్తి వచ్చినా లెక్క మాడ్యూల్‌లో ఒక్క లైన్ మార్చనక్కర్లేదు.

ట్రెయిట్‌లు (ఏ క్లాస్‌లోకైనా చేర్చుకోగల కోడ్ ముక్కలు) వాడొచ్చు కదా అని మా కుర్రాడు అడిగాడు. రాయడానికి ట్రెయిట్ అంత సులువైనది ఇంకోటి లేదు. కానీ ఒక క్లాస్‌కి ఏమేం కావాలో ట్రెయిట్ లోపల దాచేస్తుంది, కన్‌స్ట్రక్టర్ చూస్తే తెలియదు. డబ్బుతో సంబంధం ఉన్నచోట వద్దన్నాను. తెర మీద కిలోలు, క్వింటాళ్లు రాసే పద్ధతికి మాత్రం ఒక ట్రెయిట్ పెట్టుకున్నాము. మూడు పంటల కాటా ఫారాలకు కలిసొచ్చే ఒక మూల క్లాస్ కూడా ఉంది. అంతకంటే ఎక్కువ చెప్పుకోవాల్సింది అందులో ఏమీ లేదు.

కంపోజర్ (పీహెచ్‌పీ లైబ్రరీలను తెచ్చిపెట్టే సాధనం) ప్యాకేజీగా విడిగా తీయాలా అని కూడా ఆలోచించాము. ఒకే కోడ్ రెండు వేరు వేరు సైట్లకు కావాలంటే నేను అదే చేస్తాను. ఇక్కడ సైట్ ఒక్కటే. ప్యాకేజీకి వెర్షన్లు, ట్యాగులు, ప్రతి మార్పుకూ రెండు రిపాజిటరీలు అంటే ముగ్గురు మనుషుల టీమ్‌కి బరువు ఎక్కువ. లోపలి క్లాస్ వట్టి పీహెచ్‌పీ కాబట్టి అవసరం వచ్చిన రోజున బయటికి తీయడం కష్టం కాదు.

బ్రౌజర్లోని జావాస్క్రిప్ట్ కాపీని తీసేశాము. గుమాస్తా బరువు కొట్టగానే సర్వర్‌ని అడిగి అంచనా చూపించేలా మార్చాము. ట్విగ్ టెంప్లేట్ ఇప్పుడు ఏ గుణకారమూ చేయదు, ఇచ్చిన అంకె రాస్తుంది.

గ్రాములు, పైసలు, తేదీలు

కోడ్ ఒకచోటికి వచ్చాక పాత తప్పులు వరుసగా బయటపడ్డాయి. ఒక కాపీ పైసల్ని దగ్గరి అంకెకు సవరించేది, ఇంకోటి కిందికి కొట్టేసేది. దశాంశాలతో లెక్కవేయడం పీహెచ్‌పీలోనే కాదు ఏ భాషలోనైనా జాగ్రత్తగా చేయాల్సిన పని. 0.1, 0.7 కలిపి 10తో గుణించి కిందికి సవరించమంటే పీహెచ్‌పీ 8 బదులు 7 ఇస్తుంది. పీహెచ్‌పీ మాన్యువల్లోనే ఈ ఉదాహరణ ఉంది. బైనరీలో ఆ రెండు భిన్నాలూ పూర్తిగా ఇమడవు, ఫలితం ఎనిమిదికి వెంట్రుకవాసి తక్కువగా నిలుస్తుంది. అందుకని లోపల బరువంతా గ్రాముల్లో, డబ్బంతా పైసల్లో, పూర్ణాంకాలుగానే నడిపించాము. సవరణ ఒక్కసారే, చివర్లో, ఒకే ఫంక్షన్‌లో.

దీనికంటే పెద్దది తేదీ. ఉమ్మడి కోడ్‌లో తరుగు 1 అని మార్చేస్తే, నిరుటి పట్టీ మళ్లీ తెరిచినప్పుడు కూడా 1తోనే లెక్క వస్తుంది. అప్పుడు రైతు దగ్గరున్న కాగితం ఒకటి, తెర మీద ఇంకొకటి అవుతుంది. మొదలైన చోటికే వచ్చినట్టు. కాబట్టి నియమానికి "ఎప్పటి నుంచి" అనే తేదీ పెట్టాము, లోడు తేదీని బట్టి నియమం ఎంపికవుతుంది. పైగా పట్టీ ఖరారైన క్షణంలో నికరం, డబ్బు, వాడిన నియమం మూడూ ఆ రికార్డులోనే రాసేస్తాము. తర్వాత చెల్లింపులు కొత్తగా లెక్కవేయవు, అక్కడ రాసి ఉన్నదే చదువుకుంటాయి. నిజానికి ఈ ఒక్కటి మొదటే చేసి ఉంటే పెద్దాయన ఆ రోజు కేంద్రానికి రావాల్సిన పనే ఉండేది కాదు.

గుమాస్తా నోటు పుస్తకం

టెస్టుల కోసం మేం అంకెలు కల్పించలేదు. గుమాస్తాకి ఒక పొడుగాటి నోటు పుస్తకం ఉంది, అట్ట చిరిగి ప్లాస్టర్ అంటించి ఉంటుంది. గొడవ వచ్చిన ప్రతి లోడునూ అందులో చేత్తో లెక్క వేసి పెట్టుకున్నాడు. ఎర్ర పెన్నుతో తరుగు, నీలం పెన్నుతో నికరం. అందులోంచి 31 లోడ్లు తీసుకున్నాము. ఒకే ఒక్క గోతం తెచ్చిన రైతు, గోతాలు లేకుండా లూజుగా ట్రాక్టర్లో తెచ్చిన లోడు, తడిసిన గోతాలు, రెండు ధరల్లో విడగొట్టి కొన్నది. మాకు ఊహకి రాని సందర్భాలన్నీ అందులో ఉన్నాయి. వాటిని పీహెచ్‌పీయూనిట్ (పీహెచ్‌పీ టెస్టులు నడిపే సాధనం) టెస్టులో ఒక పట్టికగా రాశాము. లోపలి క్లాస్‌కి డ్రూపల్ అవసరం లేదు కాబట్టి 31 టెస్టులూ డేటాబేస్ లేకుండా రెప్పపాటులో అయిపోతాయి. సర్వీసులు సరిగ్గా అమరాయా, ట్యాగ్ ఉన్న నియమాలన్నీ చేరాయా అని చూడటానికి రెండు కెర్నల్ టెస్టులు (డ్రూపల్ కంటైనర్‌ను, డేటాబేస్‌ను లేపి నడిపేవి) వేరే రాశాము.

మొదటిసారి నడిపినప్పుడు 31లో 29 పాసయ్యాయి. మిగిలిన రెంటిలో ఒకటి మా తప్పు, లూజు లోడులో గోతాల సంఖ్య సున్నాగా కాకుండా ఖాళీగా వస్తోంది. ఇంకోటి నోటు పుస్తకంలో కూడిక తప్పు. గుమాస్తా చాలాసేపు చూసి, ఎర్ర పెన్ను తీసి అక్కడే దిద్దాడు.

లైవ్‌లోకి ఎక్కించడం

ఇది చదివేవాళ్లలో ఇదే పని మొదలుపెట్టబోయేవాళ్లు ఉంటే ఈ భాగం నిదానంగా చదవమని కోరుతున్నాను. మా సమయంలో ఎక్కువ వంతు ఇక్కడే పోయింది.

డ్రూపల్‌లో ఒక మాడ్యూల్ ఇన్‌స్టాల్ అయి ఉంటేనే దాని క్లాసులు మిగతావాటికి కనిపిస్తాయి. ఫోల్డర్లో ఫైల్ ఉన్నంత మాత్రాన సరిపోదు. చెల్లింపుల మాడ్యూల్ వివరాలుండే ఇన్ఫో యామ్ల్ ఫైల్లో "నాకు లెక్క మాడ్యూల్ కావాలి" అని రాస్తే, కొత్తగా ఇన్‌స్టాల్ చేసే సైట్లో డ్రూపల్ రెంటినీ కలిపి ఎక్కిస్తుంది. కానీ చెల్లింపుల మాడ్యూల్ అప్పటికే నడుస్తున్న సైట్లో ఆ లైన్ కొత్తగా చేర్చితే, లెక్క మాడ్యూల్ తనంతట తాను ఇన్‌స్టాల్ అవదు. మేం అవుతుందనుకున్నాము.

అదృష్టం కొద్దీ ముందు లైవ్ నకలు మీద ప్రయత్నించాము. మా డిప్లాయ్ స్క్రిప్ట్ కొత్త కోడ్ దించి, ముందు క్యాష్ రీబిల్డ్ చేసి (డ్రూపల్ దాచుకున్న పాత సమాచారం చెరిపి కంటైనర్‌ను మళ్లీ కట్టడం), తర్వాత డేటాబేస్ అప్‌డేట్‌లు నడిపేది. క్యాష్ రీబిల్డ్ దగ్గరే ఆగిపోయింది. చెల్లింపుల సర్వీస్ లేని సర్వీస్‌ని అడుగుతోందని ఎర్రర్. ఇన్‌స్టాల్ చేద్దామని డ్రష్ (డ్రూపల్‌కి ఆదేశాలిచ్చే కమాండ్ లైన్ సాధనం) తెరిస్తే అదీ అదే ఎర్రర్‌తో లేవలేదు. తెర తెల్లగా ఉంది. లైవ్‌లో అయితే తెల్లవారుజామున లోడ్లు దిగే వేళకి కాటా దగ్గర అందరూ నిలబడిపోయేవారు.

అప్‌డేట్‌లు నడిపేటప్పుడు డ్రూపల్ వేరే కెర్నల్ (డ్రూపల్‌ను లేపి కంటైనర్ కట్టే మూల కోడ్) వాడుతుంది. ఆధారం దొరకని సర్వీసుల్ని అది తాత్కాలికంగా పక్కన పెడుతుంది. కాబట్టి వరుస మార్చి, ముందు అప్‌డేట్‌లు, తర్వాత క్యాష్ అని పెడితే గట్టెక్కవచ్చు. స్క్రిప్ట్ అలా దిద్దాము కానీ దాని మీదే భారం వేయదలచుకోలేదు. పనిని రెండు డిప్లాయ్‌లుగా విడగొట్టాము. మొదటి రోజు లెక్క మాడ్యూల్ ఒక్కటే వెళ్లింది, దాన్ని ఎవరూ వాడరు. పట్టీ మాడ్యూల్‌లో ఒక అప్‌డేట్ హుక్ (అప్‌డేట్‌లు నడిపినప్పుడు ఒక్కసారి నడిచే ఫంక్షన్) రాసి దాంతో ఇన్‌స్టాల్ చేయించాము. రెండు రోజులు గమనించాక, మిగతా మాడ్యూళ్లు దాన్ని వాడటం మొదలుపెట్టే కోడ్ పంపాము.

ఇక్కడ ఇంకో గుంట ఉంది. ఏయే మాడ్యూళ్లు ఇన్‌స్టాల్ అయి ఉండాలనే జాబితా కాన్ఫిగరేషన్ ఎగుమతిలో (సైట్ సెట్టింగ్స్‌ను ఫైళ్లుగా తీసిపెట్టినది) కోర్ ఎక్స్‌టెన్షన్ అనే ఫైల్లో ఉంటుంది. అప్‌డేట్ హుక్‌తో ఇన్‌స్టాల్ చేసి, ఆ ఫైల్లో పేరు చేర్చడం మరిచిపోతే, వెనువెంటనే జరిగే కాన్ఫిగరేషన్ దిగుమతి ఆ మాడ్యూల్‌ని తీసేస్తుంది. అప్పటికి ఎవరూ దాని మీద ఆధారపడి లేరు కాబట్టి అభ్యంతరం కూడా చెప్పదు. నకలు మీద మాకు అది కూడా జరిగింది.

పాత ఏడు కాపీలను ఒక్కసారిగా తీసేయలేదు. పట్టీలోని పాత ఫంక్షన్ పేరు అలాగే ఉంచి, లోపల కొత్త సర్వీస్‌ని పిలిచేలా మార్చి, ఇది వాడొద్దనే హెచ్చరిక పెట్టాము. చెల్లింపుల దగ్గర రెండు వారాలు పాత లెక్క, కొత్త లెక్క రెండూ వేయించి, తేడా వస్తే లాగ్‌లో రాయించాము. తేడాలు వచ్చాయి, దాదాపు అన్నీ పైసా రెండు పైసలవి, సవరణ పద్ధతి వల్ల. ఒక్కటి మాత్రం 40 రూపాయలు. ఆ లోడులో ధర మధ్యాహ్నం మారింది, పాత కోడ్ పొద్దుటి ధర పట్టుకుంది. కొత్తదే సరి.

డేటాను మాత్రం కదపలేదు. లోడు రికార్డు కాటా మాడ్యూల్ సొంతం, అది అక్కడే ఉంది. ఎంటిటీని (అలాంటి రికార్డు రకాన్ని డ్రూపల్‌లో అనే మాట) ఒక మాడ్యూల్ నుంచి ఇంకోదానికి మార్చాలంటే డ్రూపల్‌లో చాలా తంటా, మాకు అవసరమూ లేదు.

తర్వాతి సీజన్

వేరుశనగ వచ్చినప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. తేమ 8 శాతం దాటితే ఎంత తరుగు తీయాలో డైరెక్టర్లు సీజన్ మధ్యలో మార్చారు. సమావేశం సాయంత్రం ఐదింటికి ముగిసింది. ఎమ్మిగనూరు గుమాస్తా మూడు లోడ్లు చేత్తో లెక్కవేసి ఫొటో పంపాడు. మా కుర్రాడు ఆ మూడూ టెస్టు పట్టికలో చేర్చాడు, అవి ఫెయిలయ్యాయి. వేరుశనగ నియమంలో మర్నాటి తేదీతో కొత్త లైన్ రాశాడు, పాసయ్యాయి. ఒక్క ఫైల్. పట్టీ, చెల్లింపులు, నివేదికల వైపు ఎవరూ చూడనే లేదు. రాత్రి తొమ్మిదిన్నరకు లైవ్‌లో ఉంది.

మర్నాడు పొద్దున ఎమ్మిగనూరు నుంచి మొదటి పట్టీ ఫొటో వచ్చింది, కింద రైతు ఫోన్లో మెసేజ్ ఫొటో. కుర్రాడు రెండూ పక్కపక్కన పెట్టి పైసలతో సహా చూశాడు. తర్వాత నివేదిక కూడా తెరిచాడు. నేను అడగలేదు.